గేటు మూసేదాకా

బాంబూఫ్లాట్‌లో పెరిగినవాళ్ళు దేన్నీ ఆఖరి దాకా చూసి ఉండరు. పోర్ట్ బ్లెయిర్ మాకు ఎదురుగానే, నీళ్ళకు అవతల కనిపిస్తూ ఉంటుంది. కానీ అక్కడ జరిగే రిసెప్షన్‌లో మేము ఫొటో దిగుతాం, భోజనానికి ఉండం. సినిమాలో హీరో విలన్ ఇంటికి బయల్దేరే వేళకు మేము చాథం జెట్టీకి బయల్దేరతాం. తర్వాత ఏమైందో మర్నాడు ఎవరినైనా అడిగి తెలుసుకుంటాం. ఆఖరి బోటు తప్పితే చుట్టూ తిరిగి రావడానికి రోడ్డుంది, ఆ వేళకు బస్సుండదు. ఇప్పుడు బోట్లు పెరిగాయి. అలవాటు మాత్రం తగ్గలేదు.

నేను పోర్ట్ బ్లెయిర్‌లో ఒక లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసంతా బోటు మీదే వెళ్ళి వచ్చాను. నాకు పుస్తకాలంటే ఇష్టం ఎందుకు కుదిరిందని ఎవరైనా అడిగితే చిన్న జవాబే చెబుతాను. పుస్తకాన్ని మధ్యలో వదలక్కర్లేదు, దాన్ని బోటెక్కించవచ్చు.

మా ఆయన హార్బర్ వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్. ఆయనకు పాత కట్టడాలంటే పిచ్చి. మా దీవుల్లో ఆ పిచ్చి తీరే దారి లేదు. ఇక్కడ అడవుల్లో వేల ఏళ్ళ పాత మనుషులున్నారు, కట్టడాలే కొత్తవి. జైలు, రాస్ ద్వీపంలో తెల్లవాళ్ళు వదిలేసిపోయిన చర్చి, బంగళాలు. అంతకన్నా వెనక్కి వెళ్ళాలంటే అడవే. మెయిన్‌ల్యాండ్ నుంచి చుట్టాలు వస్తే చాలు, ఈయన వాళ్ళను రాస్‌కు తీసుకుపోయి, గోడల్ని పట్టుకున్న మర్రి వేళ్ళు చూపించి, మళ్ళీ మూడింటి బోటుకు వెనక్కి తెచ్చేవాడు. ఒకసారి నేను లైబ్రరీ నుంచి అంగ్కోర్ గుళ్ళ బొమ్మల పుస్తకం తెచ్చాను. బరువైన పుస్తకం. దాన్ని తిరిగి ఇవ్వనిచ్చాడు కాదు. గడువు పొడిగించీ పొడిగించీ, చివరికి ఆ పుస్తకం మా ఇంటిదే అన్నట్టు అయింది. అందులో పాలసముద్రం చిలికే గోడ బొమ్మ నాలుగు పేజీలు మడత విప్పి చూసేలా ఉండేది. ఆ మడత ఎప్పుడూ మంచం మీద విప్పే ఉండేది.

"రిటైరయ్యాక వెళ్దాం," అనేవాడు. "పొద్దున్నే వెళ్ళి కూర్చుందాం. గేటు మూసేదాకా ఉందాం. వాళ్ళే వచ్చి పొమ్మనాలి మనల్ని."

రెండేళ్ళ క్రితం ఆయన పోయాడు. పోర్ట్ బ్లెయిర్‌లో ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ సాయంత్రం బాగానే ఉన్నాడు, గంజి తాగాడు, గోడ గడియారం చూసి, "బోటు టైమైంది, లే," అన్నాడు. లేచి వచ్చేశాను. మర్నాడు మొదటి బోటుకు వెళ్ళేసరికి లేడు. ఆయన చెప్పిందీ సబబే, నేను చేసిందీ సబబే. అందుకని నన్ను నేను తిట్టుకోలేదు. ఆ అలవాటు మీద మాత్రం కోపం వచ్చింది. ఏదైనా ఒక్కటి, ఒక్కసారి, ఆఖరి దాకా ఉండి చూడాలని అనిపించింది. ఏది చూడాలో ఆయనే చెప్పిపోయాడు కనుక వెతుక్కునే పని లేకపోయింది.

తోడు మా వదిన వచ్చింది. మా ఆయనకు అక్క. రంగత్‌లో ఉంటుంది. కిరాణా దుకాణం, ఇప్పుడు కొడుకులు చూసుకుంటున్నారు. నేను వెళ్తున్నానని ఫోన్‌లో చెబితే, "మా తమ్ముడు సూడాలన్న గుడి నువ్వొక్కర్తివీ సూసొచ్చేస్తావేటి?" అంది. అంతే, పాస్‌పోర్టుకు ఫొటో దిగేసింది.

వదిన గురించి ఒక సంగతి చెప్పాలి. నాకు బోటు ఎలాగో ఆవిడకు కాన్వాయ్ అలాగ. రంగత్ నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చే రోడ్డు జార్వా ఆదివాసుల అడవి గుండా పోతుంది. అందులో బళ్ళు విడిగా పోనివ్వరు. గేటు దగ్గర వరసగా ఆపి, అన్నిటినీ ఒక గుంపుగా పోలీసు బండి వెంట పంపుతారు. ఆఖరి కాన్వాయ్ మధ్యాహ్నమే. అది దాటితే ఆ రోజుకు గేటు మూసినట్టే, ఎవరి పెళ్ళయినా, ఎవరి చావయినా. తమ్ముడు పోయినప్పుడు కూడా ఆవిడ పొద్దుటి మొదటి కాన్వాయ్‌లోనే రాగలిగింది. ఇలాంటి ఇద్దరం కలిసి ప్రపంచం చూడటానికి బయల్దేరాం.

ప్రోతరాపూర్‌లో ఉండే మా అమ్మాయి ఫోన్‌లోనే టికెట్లు తీసిపెట్టింది. తూర్పుకు పోవాలంటే మేము ముందు పడమరకు పోవాలి. పోర్ట్ బ్లెయిర్ నుంచి చెన్నై, చెన్నై నుంచి బ్యాంకాక్, అక్కడి నుంచి అంగ్కోర్ ఊరు. చెన్నైలో ఎక్కిన విమానం సముద్రం మీద కొంతదూరం పోయాక, ముందు సీటు వెనక ఉన్న మ్యాపులో మా దీవులు కనిపించాయి. విమానం బొమ్మ సరిగ్గా వాటివైపే పోతోంది.

"అదేటి, మనింటి మీంచే పోతన్నాడా?"

"దగ్గర్లోంచే వదినా."

"నిన్న అక్కణ్ణించే కదే వచ్చాం! అరే, రెండు నిమిషాలు దింపమను. గ్యాసు కట్టేసానో నేదో సూసొచ్చేస్తాను."

చాలా రోజుల తర్వాత నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. పక్క సీటాయన ఏమైందని అడిగాడు. చెబితే అతనూ నవ్వాడు.

అంగ్కోర్‌లో మాకు కుదిరిన బండి, ముందు మోటారు సైకిలు, వెనక నలుగురు కూర్చునే పెట్టె. నడిపేది అరవై దాటిన మనిషి, మాకన్నా రెండేళ్ళు పెద్దవాడేమో. నాకు వచ్చిన ఇంగ్లీషులో నేను మాట్లాడాను. వదిన హిందీలో మాట్లాడింది. మా దీవుల్లో తెలుగు రానివాళ్ళకు హిందీ వస్తుంది. తమిళులకు, బెంగాలీలకు, రాంచీవాళ్ళకు, నికోబారీలకు, అందరికీ. కాబట్టి లోకంలో తెలుగు రానివాళ్ళందరికీ హిందీ వచ్చి తీరుతుందని ఆవిడ నమ్మకం.

"భయ్యా, ధీరే ధీరే చలావ్. కమర్ మే దర్ద్ హై," అంది, నడుం నొప్పి, మెల్లగా పోనివ్వమని.

అతను తల ఊపి వేగం పెంచాడు.

మూడు రోజుల టికెట్టు తీసుకున్నాం. మొదటి రోజు ఆ పాత నగరపు రాతి ద్వారం దగ్గరకు పోయాం. పైన నాలుగువైపులా మొహాలు. ద్వారానికి ముందున్న వంతెనకు ఒకవైపు దేవతలు, ఒకవైపు రాక్షసులు వరసగా కూర్చుని రాతి పామును పట్టుకుని ఉన్నారు. సగం మందికి తలలు లేవు, కొన్ని తలలు కొత్తవి పెట్టారు, తెల్లగా తెలిసిపోతున్నాయి. నాకు ఆ కొత్త తలలు నచ్చాయి. పాతవాటిలా కనిపించాలని వాటికి రంగు పూయలేదు.

లోపల మొహాల గుడి చూసి బయటికి వచ్చేసరికి వదినకు ప్రమాదం కనిపించింది. ద్వారం సన్నటిది. ఎదురుగా ఒక పెద్ద బస్సు రావడంతో ఇటువైపు బళ్ళన్నీ ఆగి, ఒకదాని వెనక ఒకటి బారు కట్టాయి. ఒక పోలీసు చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు. అంతే.

"కాన్వాయ్!" అంది వదిన, నా మోచెయ్యి పట్టుకుని. "లైన్ పెట్టీసారు. నడు నడు."

"వదినా, ఇక్కడ కాన్వాయ్ ఏమిటి?"

"మరి పోలీసోడెందుకు? ఇదీ అడవే కదా. జల్దీ పద, వెనకబడితే రేపటిదాకా గేటు తియ్యరు."

మోకాళ్ళ నొప్పులని పొద్దుటి నుంచి రెండు మెట్లెక్కని మనిషి బండిదాకా పరుగులాంటి నడక నడిచింది. డ్రైవరు కొబ్బరిబోండాం తాగుతున్నాడు. "భయ్యా, చలో చలో, గేట్ బంద్ హో రహా హై," అని అతని చేతిలో బోండాం లాక్కుని తనే పట్టుకుంది. పాపం అతను ఏదో కొంప మునిగిందనుకుని బండి తీశాడు. బస్సు దాటింది, పోలీసు చెయ్యి దించాడు, బళ్ళన్నీ ఎవరి దారిన అవి పోయాయి. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు, ఒకటి వెనక్కి తిరిగి గుళ్ళోకే. వదిన తల తిప్పి వాటిని చూసింది. తర్వాత చేతిలో బోండాం చూసి, గడ్డిపుల్ల లాంటి గొట్టంతో మిగిలిన నీళ్ళు తాగేసింది.

"మన కాయంత తియ్యగా నేదు," అంది.

అప్పటికి మేము హోటలుకు వచ్చేశాం. బయట ఎండ ఇంకా తెల్లగానే ఉంది. మొదటి రోజు అలా అయింది.

రెండో రోజు చెట్లు పట్టుకున్న గుడికి వెళ్ళాం. అంగ్కోర్‌కు వచ్చేవాళ్ళు ఎక్కువమంది దానికోసమే వస్తారట. రాతి కప్పు మీద నుంచి ఏనుగు కాళ్ళంత లావు వేళ్ళు కిందికి జారి, గోడల్ని అదుముకుని నేలలోకి దిగి ఉన్నాయి. ఒక్కో చెట్టు ముందు చెక్క వేదిక. దాని మీద నిలబడి ఫొటో దిగడానికి క్యూ. ఫ్రాన్సు నుంచో ఎక్కడి నుంచో వచ్చిన ఒకావిడ గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

వదిన చెట్టును కిందనుంచి పైదాకా చూసింది.

"ఇదేటే? మన రాస్‌లో ఉన్నదే కదా."

"ఇది ఎన్నో వందల ఏళ్ళ గుడి వదినా."

"గుడి పాతదే. సెట్టో? సెట్టు మన సెట్టే. దీనికి మూడు విమానాలు ఎక్కాలా? మీ జెట్టీలో బోటెక్కితే అయిపోను."

ఆ మాటకు నాకు కోపం రావాలి. రాలేదు. ఎందుకంటే నేనూ అదే అనుకుంటున్నాను. మేమిద్దరమే ఆ జనంలో ఆశ్చర్యపడని మనుషులం. రాస్‌లో వేళ్ళు పట్టిన చర్చి గోడ ముందు మా ఆయన ఎప్పుడూ ఒకే మాట అనేవాడు: "చూడు, పడగొట్టేదీ అదే, నిలబెట్టేదీ అదే." ఇక్కడికి వచ్చి ఉంటే అదే మాట ఇక్కడా అనేవాడు. పుస్తకంలో ఈ చెట్ల పేజీని ఆయన ఎందుకు తొందరగా తిప్పేసేవాడో ఇప్పుడు తెలిసింది. ఇంట్లో ఉన్న వస్తువే.

ఆశ్చర్యపడకుండా ఉండటంలో ఒక సుఖముంది. వదినా నేనూ ఒక మూల రాతి మీద కూర్చుని, హోటలువాళ్ళు కట్టిచ్చిన అరటిపళ్ళు తిన్నాం. తర్వాత వదినకు గోడ పక్క నేల మీద ఏదో మొక్క కనిపిస్తే ఆకు తుంపి వాసన చూసి, "గడ్డి," అని పారేసింది.

ఆ మధ్యాహ్నం ఆవిడను ఏ గుడీ పట్టుకోలేకపోయింది గానీ బజారు పట్టుకుంది. ఎండుచేపల వరస మొదట్లోనే ఆగిపోయింది. తాళ్ళకు గుచ్చిన చేపలు, గంపల్లో రొయ్యపప్పు, కుండల్లో పులియబెట్టిన చేప. "జంగ్లీఘాటే ఇది!" అంది. పోర్ట్ బ్లెయిర్‌లో మా తెలుగు జాలరులుండే పేట అది. అమ్మే ఆవిడతో బేరం సాగింది. ఈవిడ హిందీ, ఆవిడ వాళ్ళ భాష. వదిన ఒక చేపను ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది. ఆవిడ చెయ్యి నడుం మీద పెట్టుకుని ఏదో గట్టిగా అంది. వదిన ఇంకో చేప తీసి ఎండకు ఎత్తి చూపించింది. ఆవిడ పకపకా నవ్వి, వదిన భుజం మీద ఒకటి చరిచింది. చివరికి ఏమీ కొనలేదు, ఆవిడే చారెడు రొయ్యపప్పు కాగితంలో పొట్లం కట్టి ఊరికే ఇచ్చింది.

"ఏమన్నది?" అన్నాను.

"ఉప్పు తక్కువేసావంటే ఒప్పుకోదే!"

బజారు నుంచి గుళ్ళవైపు మళ్ళీ పోవడానికి టైముంది. నాలుగు కూడా కాలేదు. డ్రైవరు ఎటు పోవాలన్నట్టు వేలు చూపించాడు. నేను ఆలోచించకుండానే, "హోటల్," అన్నాను. వదిన తొందరపెట్టలేదు, లైను లేదు, పోలీసు లేడు. నాకు నేనే అన్నాను. బండి మలుపు తిరిగాక ఆ సంగతి తెలిసింది. మొదటి రోజు నేను వదినను చూసి నవ్వుకున్నాను గానీ, నా చేతిలోనూ అదే గడియారముంది. మా దీవుల్లో పొద్దు తొందరగా వాలుతుంది, నాలుగయ్యేసరికి చేతులు సంచీ వెతుక్కుంటాయి. ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక మిగిలింది ఒక్క రోజు. పెద్ద గుడిని ఆ రోజుకనే ఉంచుకున్నాను. రేపు కూడా ఇలాగే లేచి వచ్చేస్తే ఇంత దూరం వచ్చింది ఎండుచేపలు చూడటానికే అవుతుంది అనుకున్నాను.

మూడో రోజు భోజనం చేసి బయల్దేరాం. పెద్ద గుడి పడమటి ముఖంగా ఉంటుంది. చుట్టూ అగడ్త. అగడ్త అంటే పుస్తకాల్లో చదివిన మాటే నాకు. ఇక్కడ చూస్తే చాథం దగ్గర మా నీళ్ళలో సగమైనా లేదు గానీ, దాటడానికి బోటు అక్కర్లేదు, రాతి దారి ఉంది. అది చూసి వదిన, "ఎప్పుడో ఈళ్ళు ఏసుకున్నారు, మనకి నేదు," అంది. దారికి రెండువైపులా రెండు చిన్న కట్టడాలున్నాయి. వాటిని గ్రంథాలయాలు అంటారు. నేను లోపలికి పోయి చూశాను. నాలుగు గోడలు, ఒక గబ్బిలం. పుస్తకాలు నిజంగా ఉండేవో లేదో ఎవరికీ తెలియదట. అయినా వృత్తి ధర్మంగా లోపల కాసేపు మాట్లాడకుండా నిలబడ్డాను.

నాకు నగిషీ అంటే పెద్దగా గిట్టదు. మాటల్లోనైనా, చీరల్లోనైనా. ఈ గుడిలో చెయ్యి పడని జానెడు రాయి లేదు. మొదట ఊపిరాడలేదు. తర్వాత గమనిస్తే చెక్కడమంతా లోతు లేకుండా, వేలి గోరంత మందంలో ఉంది. దూరం నుంచి చూస్తే ఉత్త గోడే. దగ్గరకు వచ్చినవాళ్ళతోనే మాట్లాడుతుంది. అది నాకు సరిపడింది.

గుడి దాటి తూర్పు వైపు వసారాకు చేరాం. అక్కడే ఉంది ఆ గోడ. మధ్యాహ్నం తర్వాత ఎండ అటు పడదు, చల్లగా ఉంది, జనం పల్చగా ఉన్నారు. మంచం మీద మడత విప్పి చూసిన బొమ్మ ఇప్పుడు నా ముందు నడిస్తే గానీ అయిపోనంత పొడుగ్గా ఉంది. ఎడమ చివర రాక్షసులు పాము తలలవైపు, కుడి చివర దేవతలు తోకవైపు. మధ్యలో విష్ణువు. పైన గాలిలో అప్సరసలు, కింద సముద్రం. అందరి మోకాళ్ళూ ఒక్క వంపులో ఉన్నాయి. లాగే పనిలో దేవతలకూ రాక్షసులకూ తేడా లేదు.

నేను రాక్షసుల చివర నుంచి మొదలుపెట్టాను. వదిన సముద్రం దగ్గర మొదలుపెట్టింది.

"ఇది సొర. ఇది మొసలి, మన మడ అడవి నాలాల్లో ఉన్నదే. ఇది... పండుగప్పేనంటావా? మూతి అలాగే ఉంది. అయ్యో, ఇటు సూడు! ఈ సేపలు రెండేసి ముక్కలైపోనాయి."

నిజమే. కవ్వం తిరిగే చోటికి దగ్గరయ్యేకొద్దీ చేపలు తెగిపోయి ఉన్నాయి. పుస్తకంలో అది నాకెప్పుడూ కనిపించలేదు. మా ఆయనకూ కనిపించినట్టు లేదు, కనిపిస్తే చెప్పేవాడు.

"పాలసముద్రంలో సేపల పులుసు," అంది వదిన. "అమృతం ఏదే?"

"ఈ గోడ మీద ఇంకా రాలేదు వదినా. ఇంకా లాగుతున్నారు."

"ఎప్పట్నించి?"

"గుడి కట్టినప్పట్నించి."

వదిన ఆ వరసనంతా ఒకసారి చూసింది. "పోన్లే. ఈళ్ళకి ఆకరి బోటు నేదు," అంది.

అన్నదే గాని ఆ మాట ఆవిడకే గుర్తు చేసినట్టుంది. వెంటనే సంచీ భుజానికి తగిలించుకుంది. దూరంగా ఒక గైడు తన గుంపును వెనక్కి మళ్ళిస్తున్నాడు. వసారాలో ఉన్నవాళ్ళు కూడా ఒకరొకరుగా కదిలారు.

"అందరూ ఎల్తన్నారే. మనం కూడా లేద్దాం."

నా కాళ్ళు అప్పటికే సగం తిరిగాయి. ఆ సంగతి తెలిసి వాటిని ఆపాను. స్తంభం పక్కన అరుగు మీద కూర్చున్నాను.

"మీరెళ్ళి బండిలో కూర్చోండి వదినా. నేను గేటు మూసేదాకా ఉంటాను."

ఆవిడకు నేను ఎదురు చెప్పడం అలవాటు లేదు. "అదేటి, మూసేదాకా? మూసేసాక ఎలా ఎల్తావు?"

"వాళ్ళే వచ్చి పొమ్మంటారు. అప్పుడొస్తాను."

"ఎందుకే?"

"ఆయన అలా అన్నాడు. ఇక్కడికొస్తే గేటు మూసేదాకా ఉందాం, వాళ్ళే వచ్చి పొమ్మనాలి అన్నాడు."

వదిన నా మొహం చూసింది. ఈ మాట ఆవిడకు ఇంతవరకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. సంచీ సర్దుకుని వసారా చివరిదాకా నడిచి, మలుపు తిరిగి కనబడకుండా పోయింది. నేను గోడవైపు తిరిగాను. ఒంటరిగా చూడటమే బాగుంటుందేమో అనుకున్నాను, కానీ ఎక్కడ ఆపానో గుర్తుకు రాలేదు. విష్ణువు దగ్గరి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.

కాసేపటికి చెప్పుల చప్పుడు. ఆవిడే.

"బండిలో ఒక్కర్తినీ కూకుంటే అది కాన్వాయ్ ఎలాగవుద్ది?" అని నా పక్కన చతికిలపడింది. సంచీలోంచి రొయ్యపప్పు పొట్లం తీసింది. ఇద్దరం నాలుగేసి నోట్లో వేసుకున్నాం. నిజంగానే ఉప్పు తక్కువ.

"ఆడు అలా అన్నాడా?" అంది నములుతూ.

"అన్నాడు."

"నాతో అన్లేదు దొంగవెధవ."

తర్వాత లేచి, నాకన్నా ముందు, దేవతల వరస వెంట ఒక్కొక్కరినీ చూసుకుంటూ నడిచింది. మోకాళ్ళ నొప్పి గుర్తు లేదు. చివరిదాకా పోయి అక్కడ ఆగి గట్టిగా నవ్వింది. వసారా అంతా మోగింది.

"రావే! ఇటు రా! సూడు ఎవడున్నాడో!"

వెళ్ళాను. తోక చివర, దేవతలందరి వెనక, వాళ్ళకన్నా పెద్దగా, ఒక కోతి నిలబడి పామును పట్టుకుని ఉంది. పళ్ళు కనిపిస్తున్నాయి. ఎంతో ఆనందంగా లాగుతోంది.

"మావోడే!" అంది వదిన. "బళ్ళో తాడు లాగే ఆట ఆడితే ఎప్పుడూ ఆకర్న నిలబడీవోడు. ముందు నిలబడరా అంటే, 'నేను వదిలేస్తే అందరూ పడిపోతారక్కా,' అనీవోడు. సూడు, పళ్ళు కూడా అలాగే."

పళ్ళు అలాగే లేవు. కానీ నిలబడిన తీరు అలాగే ఉంది. కరెంటు స్తంభం ఎక్కేముందు తాడు లాగి చూసుకునేటప్పుడు ఆయన నడుం ఇలాగే వెనక్కి వాలేది. పుస్తకంలో నాలుగో పేజీ మడత దగ్గర కాగితం చిరిగి, ఈ కోతి సగమే ఉండేది. పూర్తిగా ఇప్పుడే చూశాను. ఏడుస్తానేమో అనుకున్నాను. వదిన నవ్వు ఆగకపోవడంతో నాకూ నవ్వే వచ్చింది. ఇద్దరం ముసలమ్మలం కోతి ముందు నిలబడి కళ్ళు తుడుచుకుంటూ నవ్వాం.

ఆ నవ్వు వినే కాబోలు కాపలాదారు వచ్చాడు. మణికట్టు మీద వేలితో తట్టి, బయటికి దారి చూపించాడు. చిరునవ్వుతోనే.

"వచ్చాడే పొమ్మనడానికి!" అంది వదిన, పెళ్ళివారు వచ్చారన్నంత సంబరంగా. తర్వాత అతనికి రెండు వేళ్ళు చూపించి, "భయ్యా, దో మినిట్," అంది.

అతనూ రెండు వేళ్ళు చూపించి తల ఊపాడు. ఆ దేశంలో ఆవిడ హిందీ పనిచేసింది అదొక్కసారే.

బయటికి నడవడంలో కొత్త చిక్కొచ్చింది. మేమే ఆఖరివాళ్ళం కావాలని వదిన పట్టు. గుడి మధ్యలో ఒక జంట ఇంకా ఫొటోలు తీసుకుంటోంది. "ఆళ్ళని ముందు పోనీ," అని స్తంభం వెనక ఆగి జడ విప్పి మళ్ళీ అల్లుకోవడం మొదలుపెట్టింది. వాళ్ళు కదిలారు. రాతి దారి సగంలో ఉండగా వెనక నుంచి ఒక కాషాయం కట్టుకున్న భిక్షువు వస్తూ కనిపించాడు. వదిన పక్కకు తప్పుకుని, చేతులు జోడించి, ఆయన దాటేదాకా ఆగింది. భక్తి అనుకుని ఆయన కూడా తల వంచాడు. ఆ తర్వాత వెనక్కి తిరిగి చూసింది. కాపలాదార్లు తప్ప ఎవరూ లేరు.

"ఇప్పుడు పద," అంది.

మా ముందు పొద్దు అగడ్తలోకి దిగుతోంది. మా వెనక రాయి ఎర్రబడింది. బయట గట్టు మీద మా బండి ఒక్కటే ఉంది. డ్రైవరు పెట్టెలో అడ్డంగా వల ఉయ్యాల కట్టుకుని, అందులో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నేను పిలవబోయాను. వదిన నా చెయ్యి పట్టుకుంది.

"పడుకోనీ. ఏటి తొందర?"

ఆ నోటి నుంచి ఆ మాట నేను ముప్పై ఏళ్ళలో వినలేదు. గట్టు రాతి మీద కూర్చున్నాం. నీళ్ళలో గోపురాల నీడ ముందు ఎర్రగా, తర్వాత బూడిదరంగుగా మారింది. ఇంకాసేపటికి నీళ్ళకూ నీడకూ తేడా తెలియలేదు. ఎవరూ పిలవలేదు. మిగిలిన రొయ్యపప్పు అయిపోయింది.

దోమలు మొదలయ్యాక వదిన కాళ్ళు విదిలించుకుని లేచింది.

"సాలు. ఇంక మనమే ఎల్దాం," అని, డ్రైవరు భుజం తట్టింది. "భయ్యా, ఉఠో. హో గయా."